అడుగంటింది

నాలుగు రోజుల సెలవు. పొట్ట మాత్రం ఒక్కటే.
హైమ చేతిలో చీటీ, ఇరవై మూడు హోటళ్ల పేర్లు.
తిన్నచోటల్లా గీత కొడుతుంది
బ్యాంకులో పాసైన చెక్కుల్ని కొట్టేసినట్టు.
ఇస్తాంబుల్ అంటే ఆమెకి
సాయంత్రంలోగా కుదరాల్సిన పద్దు.

పొద్దున్నే పడవెక్కాం.
ఒళ్లంతా నువ్వులద్దుకున్న సిమిత్ రొట్టె
లావుపాటి కడియంలా వేలికి వేలాడుతోంది.
సగం తిన్నానో లేదో
తెల్లటి సముద్రపు కాకి ఒకటి
అప్పు వసూలుకి వచ్చినదానిలా
మిగతా సగం లాక్కుపోయింది.
గీత కొట్టాలా వద్దా, హైమ పెన్ను గాల్లో ఆగింది.
"సగం కొట్టు," అన్నాను.

అవతలి ఒడ్డున కాడికోయ్‌లో
నేల నుంచి కప్పుదాకా ఊరగాయ సీసాలే.
కొట్టాయన ముక్క పెట్టలేదు,
ఊట పోశాడు, గ్లాసు నిండా, తాగమని!
జాడీలో వేలు ముంచి నాకినందుకు
వీపు విమానం మోత మోగిన చిన్నతనం మాది.
ఇక్కడ అదే పనికి కుర్చీ వేసి మరీ కూర్చోబెడుతున్నారు.
ఒక్క గుక్కకి చెవుల వెనక జివ్వుమంది,
కళ్లు వాటంతటవే మూసుకున్నాయి.
పక్కన స్కూలు సంచీ కుర్రాడు
రెండో గ్లాసు అడుగుతున్నాడు.
కారం తినే జాతి పరువు కోసం
మేమూ అడుగుదాకా తాగాం.

రాత్రి వీధి దీపం కింద ఎర్దాల్ బండి.
నల్లటి ఆల్చిప్పల్లో మిరియాల అన్నం,
పైన నిమ్మచుక్క.
చాలు అనేదాకా ఇస్తూనే ఉంటాడు.
చాలు అనే మాట మాకు వాళ్ల భాషలో రాదు,
రానందుకు పెద్దగా బాధా లేదు.
చివరికి ఖాళీ చిప్పలు లెక్కపెట్టాలి కదా,
హైమ ఇరవై నాలుగంది.
అతను ఒక్కొక్కటీ బోర్లిస్తూ ఇరవై ఏడు చూపించాడు.
ముప్ఫై ఏళ్ల క్యాషియరు, ముగ్గురు సాక్షులు,
ఆ సాక్షుల్లో ఒకటి పిల్లి.
ఎర్దాల్ నవ్వి ఇరవై నాలుగుకే డబ్బు తీసుకున్నాడు.
హోటలు గదికి వచ్చేదాకా ఆమె మాట్లాడలేదు.

నాలుగో రోజు, చీటీలో చివరి పేరు.
నట్లు, బోల్టులు, గొలుసులు అమ్మే సందులో
పనివాళ్ల భోజనాల కొట్టు.
దారి తప్పి తప్పి చేరేసరికి మూడుంబావు.
గిన్నెలన్నీ బోర్లించి ఉన్నాయి.
బల్ల తుడుస్తూ నెజ్మియె "బిత్తి" అంది.
అర్థం ఆ గిన్నెలే చెప్పాయి.

వెనక్కి తిరిగాం.
అప్పుడు వంటింట్లోంచి
గరగరా, గరిటె గీకే చప్పుడు.
ఇద్దరం ఒకేసారి ఆగాం.
ఆ భాష మాకు వచ్చు.

లోపల పెద్ద డేక్సా చుట్టూ
వంటకుర్రాడు సెర్హాత్, అంట్లు తోమే ముసలామె,
అడుగంటిన అన్నం కోసం పోట్లాట.
నెజ్మియె మమ్మల్ని చూసింది, వాళ్లని చూసింది,
రెండు చెంచాలు తెచ్చింది.
కంచం లేదు, కుర్చీ లేదు.
అయిదు తలలు ఒక డేక్సాలోకి.
వెన్నలో ఎర్రబడిన పెచ్చు
కరకరా, ఉప్పగా, చివర్న కాస్త చేదు.
"మాడు," అంది హైమ, చెంచా పైకెత్తి.
"మాదు," అన్నాడు సెర్హాత్ గంభీరంగా.
ముసలామె ఆ మాటని రెండుసార్లు నమిలి
బాగుందన్నట్టు తలూపింది.

డబ్బులిస్తే నెజ్మియె చేతులు వెనక్కి కట్టేసుకుంది.
సరేనని హైమ కొంగు దోపి పీచు అందుకుంది.
డేక్సాకి చెరో అంచు పట్టుకుని
ఆడవాళ్లిద్దరూ కాసేపు అరుచుకున్నారు,
ఎవరి భాషలో వాళ్లు, ఒకటే మాట.
సగం ఈమె తోమింది, సగం ఆమె.

పడవలో చీటీ తీసింది.
చివరి పేరు మీద గీత లేదు.
"అక్కడ వండింది మనం తినలేదుగా," అంది,
మడిచి లోపల పెట్టేసింది.

విమానాశ్రయంలో ఫోటోతో పోల్చడానికి
ఆఫీసరు నా ముఖం వంక చూస్తున్నాడు.
పంటి సందులో ఇంకా ఒక పెచ్చు.
నాలుకతో దాన్ని వెతుకుతూ
వీలైనంత మామూలుగా నిలబడ్డాను.